నిలవని మందే నిలిచింది

వేపగింజలోని చేదు అణువు, బాక్టీరియా నుంచి పత్తి మొక్కలోకి చేరిన ప్రోటీన్, ప్రయోగశాలలో మలచిన కొత్త విషాలు... పురుగును అదుపు చేసేందుకు జీవరసాయన శాస్త్రం అందించిన ఆవిష్కరణల్లో ఏవి ఎంతకాలం పనిచేశాయి, ఏవి ఎందుకు వమ్మయ్యాయి?

పైరును తినే పురుగుకూ, ఆ పైరును కాపాడుకునే మనిషికీ మధ్య సాగుతున్న పోరులో గత డెబ్బై ఎనభై ఏళ్లుగా రెండు తరహాల ఆవిష్కరణలు కీలకమయ్యాయి. మొక్కలు తమ రక్షణ కోసం తమలోనే తయారుచేసుకునే రసాయనాలను వేరుచేసి, వాటి నిర్మాణాన్ని తెలుసుకుని మందుగా మార్చడం మొదటిది. సూక్ష్మజీవుల్లోనో, సాలీళ్లలోనో, మొక్కల్లోనో ఉండే కీటకనాశక ప్రోటీన్లను, అంటే అమైనో ఆమ్లాలనే చిన్న అణువులు గొలుసుగా చేరి ఒక నిర్దిష్టమైన ఆకారంలో ముడుచుకోగా ఏర్పడే పెద్ద అణువులను, జన్యువుల స్థాయిలో మార్చి పంటరక్షణకు వాడడం రెండోది. మొదటిదానికి సహజమనీ, రెండోదానికి కృత్రిమమనీ ముద్ర వేసి, ఒకదాన్ని నెత్తిన పెట్టుకుని మరొకదాన్ని వెలివేయడం, లేదా ఒకదాన్ని పాతకాలపు నమ్మకంగా తీసిపారేసి మరొకదానికి పట్టం కట్టడం బహిరంగ చర్చల్లో పరిపాటి అయింది. ఈ రెండింటి చరిత్రనూ పక్కపక్కన పెట్టి చదివితే మాత్రం, మందు పుట్టుక కన్నా దాన్ని వాడే తీరే దాని ఆయుష్షును నిర్ణయించిందని, పురుగు ఆ మందును ఎంత తరచుగా, ఎంతకాలం, వేరే ఏ అణువులతో కలిపి ఎదుర్కొన్నదన్న లెక్కే అన్నిచోట్లా తీర్పు చెప్పిందని తెలుస్తుంది.

వేపగింజలో ఏముంది?

వేప చేదుకు రసాయనిక కారణాన్ని వెదికే పని భారత ఉపఖండంలోనే మొదలైంది. సలీముజ్జమాన్ సిద్దిఖీ 1942లో వేపనూనె నుంచి నింబిన్ మొదలైన చేదు పదార్థాలను వేరుచేసి ప్రకటించారు. అయితే పురుగులపై వేప ప్రభావం శాస్త్రలోకం దృష్టికి వచ్చింది మిడతల దండ్ల వల్ల. 1959లో సూడాన్‌లో మిడతల దండు కంటికి కనిపించిన పచ్చదనాన్నంతా తినేసి వేపచెట్లను మాత్రం ముట్టకుండా వదిలేయడాన్ని జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్‌రిష్ ష్ముటెరర్ గమనించారు. 1962లో ఢిల్లీ ప్రాంతం మీద మిడతలు దాడిచేసినప్పుడు, భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల పొడి కలిపిన నీటిని పైరుపై చల్లి, మిడతలు వాలినా ఆ ఆకును తినవని చూపారు.

1968లో ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో బటర్‌వర్త్, మోర్గన్ ఈ ప్రభావానికి ప్రధాన కారణమైన అణువును వేరుచేసి, చెట్టు శాస్త్రీయ నామాన్ని బట్టి దానికి అజాడిరక్టిన్ అని పేరు పెట్టారు. 35 కార్బన్, 44 హైడ్రోజన్, 16 ఆక్సిజన్ పరమాణువులతో ఏర్పడిన ఈ అణువు నిర్మాణం ఎంత చిక్కుగా ఉన్నదంటే, దాన్ని సరిగ్గా నిర్ధారించడానికే 1985 దాకా పట్టింది. అక్కడి నుంచి దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే పనికి పూనుకున్న కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్లు పట్టగా, 2007లో వెల్లడైన ఆ పద్ధతిలో 71 దశలు ఉన్నాయి, చివరికి చేతికి వచ్చే ఫలితం శాతంలో వెయ్యోవంతు కూడా కాదు. ఎండలో నిలబడిన చెట్టు ఏటా గింజ నిండా నింపే పదార్థాన్ని కర్మాగారంలో లాభసాటిగా తయారుచేసే దారి లేదని ఆ విజయమే రుజువు చేసింది.

అజాడిరక్టిన్ పనిచేసే తీరు సాధారణ పురుగుమందులకు భిన్నమైనది. నాడీమండలాన్ని దెబ్బతీసి పురుగును వెంటనే పడగొట్టే మందులకు అలవాటుపడిన కంటికి దీని పని మొదటి రెండు రోజులూ కనిపించదు. మొదట ఇది పురుగు నోటిభాగాల్లోని రుచిని పసిగట్టే కణాలపై పనిచేసి తిండి మాన్పిస్తుంది. లోపలికి వెళ్లిన కొద్దిపాటి పదార్థం, పురుగు కుబుసం విడిచి తరువాతి దశకు ఎదగడానికి అవసరమైన ఎక్‌డైసోన్ అనే హార్మోన్ విడుదలను అడ్డుకుంటుంది. ఫలితంగా లార్వా పాత చర్మంలోనే చిక్కుకుని చనిపోవడమో, వికృతమైన రూపంలో ఎదగడమో, ఎదిగినా గుడ్లు సరిగా పెట్టలేకపోవడమో జరుగుతుంది. కుబుసం విడవడమన్నది మనుషుల్లో, పశువుల్లో లేని ప్రక్రియ కావడం ఈ అణువు ఎంపిక చేసుకుని పనిచేయడానికి ఒక కారణం.

వేపగింజలో అజాడిరక్టిన్ ఒంటరిగా ఉండదు. దానితోపాటు సలానిన్, నింబిన్, మెలియాంట్రియోల్ వంటివి, లిమనాయిడ్లు అనే చేదు పదార్థాల కుటుంబానికి చెందినవే వందకు పైగా ఉన్నాయి. 5 కిలోల గింజల పొడిని పల్చటి గుడ్డలో మూటగట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, వడకట్టి, కాస్త సబ్బుపొడి చేర్చి 100 లీటర్ల ద్రావణం చేసుకునే 5 శాతం వేపగింజల కషాయంలోకి ఈ మిశ్రమం చాలావరకు దిగుతుంది. కషాయాన్ని సాయంత్రం పూట చల్లాలని వ్యవసాయాధికారులు చెప్పడానికి కారణం, అజాడిరక్టిన్ సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేక కొద్దిరోజుల్లోనే విరిగిపోవడం. 1500, 10,000 పీపీఎం అంటూ వేపమందు సీసాల మీద అచ్చువేసే అంకెలు, పదిలక్షల భాగాల్లో అజాడిరక్టిన్ ఎన్ని భాగాలున్నదో చెబుతాయి. దుకాణంలో రైతు అడిగేది ఆ అంకెనే అయినా, చెట్టు తయారుచేసిన రక్షణలో అది ఒక భాగం మాత్రమే. త్వరగా విరిగిపోవడాన్ని చాలాకాలం ఈ మందుకున్న పెద్ద లోపంగానే లెక్కించారు.

పువ్వు నుంచి పైరెత్రాయిడ్ దాకా

ఆ లోపాన్ని సవరించడం ఎక్కడికి దారితీస్తుందో తెలుసుకోవడానికి మరో మొక్క చరిత్ర ఉపయోగపడుతుంది. నేటి క్రొయేషియాలోని డాల్మేషియా తీరంలో పుట్టి, తర్వాత కెన్యా ఎత్తుప్రాంతాల్లో విస్తారంగా సాగైన పైరెత్రం, చేమంతి కుటుంబానికి చెందిన తెల్లపూల మొక్క. దాని ఎండుపూల పొడిలో పైరెత్రిన్లనే ఆరు దగ్గరి అణువులు ఉంటాయి. పురుగు నాడీకణాల పొరలో సోడియం రాకపోకలను నియంత్రించే ద్వారాలను మూసుకోనివ్వకుండా చేసి, ఇవి పురుగును నిమిషాల్లో పడగొడతాయి. హెర్మన్ స్టౌడింగర్, లియోపోల్డ్ రుజిచ్కా, తర్వాతికాలంలో వేర్వేరు పరిశోధనలకు నోబెల్ బహుమతి అందుకున్న ఈ ఇద్దరూ, పైరెత్రిన్ల నిర్మాణంపై తమ పరిశోధనలను 1924లో ప్రచురించారు.

పైరెత్రిన్లు కూడా ఎండలో గంటల వ్యవధిలోనే శక్తిని కోల్పోతాయి. ఇంట్లో దోమలకు పనికొచ్చే పదార్థం పొలానికి పనికిరాకపోవడాన్ని గమనించిన బ్రిటన్ శాస్త్రవేత్త మైఖేల్ ఎలియట్, రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో ఆ అణువులోని కాంతికి విరిగే భాగాలను ఒక్కొక్కటిగా మార్చుతూ పోయి, 1973లో పర్మెత్రిన్‌ను, ఆ మరుసటి ఏడాది డెల్టామెత్రిన్‌ను వెలువరించారు. పువ్వులోని అణువు నమూనాగా, ఎండకు చెక్కుచెదరని మందుగా రూపొందిన ఈ కృత్రిమ పైరెత్రాయిడ్లు కొద్దికాలంలోనే ప్రపంచమంతటా పత్తి పొలాలకు చేరాయి. తెలుగునాట పత్తి రైతుకు సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్, డెల్టామెత్రిన్ నోటికి అలవాటైన పేర్లయ్యాయి. తక్కువ మోతాదులో, తక్కువ ఖర్చుతో, కంటికి కనిపించే ఫలితం ఇవ్వడంతో ఒకే పంటకాలంలో వాటిని పదేపదే చల్లడం మామూలైంది.

1987లో ఆంధ్రప్రదేశ్ పత్తి పొలాల్లో శనగపచ్చ పురుగు ఈ మందులకు లొంగలేదు. ఎన్నిసార్లు చల్లినా కాయలు రాలిపోతూ, పెట్టుబడులు మునిగిపోతున్న ఆ పంటకాలం తర్వాత సేకరించిన పురుగులను పరీక్షించగా అవి పైరెత్రాయిడ్లకు తీవ్రమైన నిరోధకత సంతరించుకున్నాయని తేలింది. పైరెత్రాయిడ్లకు శనగపచ్చ పురుగు నిరోధకత భారతదేశంలో వెలుగులోకి వచ్చిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. మందును తట్టుకునే అరుదైన జన్యు మార్పు ఉన్న పురుగులు మాత్రమే బతికి, వాటి సంతానమే పొలాన్ని నింపడమే నిరోధకత. మందు పొలంలో ఎక్కువ రోజులు నిలిస్తే ఈ ఏరివేత అన్ని రోజులూ సాగుతుంది. పువ్వులోని అణువుకు లేని మన్నికను శాస్త్రవేత్త సంపాదించి పెట్టగా, ఆ మన్నికే పురుగుకు శిక్షణ ఇచ్చింది.

పొగాకు విషయంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. పొగాకు కషాయంలోని నికోటిన్ రసం పీల్చే పురుగుల నాడీకణాల మీది ఒక గ్రాహకంపై పనిచేసి, త్వరగా గాలిలో కలిసిపోతుంది. అదే గ్రాహకంపై పనిచేసేలా తయారై, 1990ల్లో మార్కెట్‌లోకి వచ్చిన ఇమిడాక్లోప్రిడ్ మొక్క రసంలోకి చేరి వారాలపాటు నిలుస్తుంది. దశాబ్దం తిరిగేసరికి ఆసియా వరిపొలాల్లో సుడిదోమ దానికి లొంగకపోవడం మొదలైంది.

నేల బాక్టీరియా ప్రోటీన్

రెండో తరహా ఆవిష్కరణకు మూలం పట్టుపురుగుల జబ్బు. జపాన్ శాస్త్రవేత్త షిగెతానె ఇషివాతా 1901లో, పట్టుపురుగులను ఉన్నట్టుండి చంపుతున్న ఒక బాక్టీరియాను గుర్తించారు. దశాబ్దం తర్వాత జర్మనీలోని తురింగియా ప్రాంతంలో పిండిపురుగుల్లో అదే జాతి బాక్టీరియాను కనుగొన్న ఎర్నెస్ట్ బెర్లినర్, 1915లో ఆ ప్రాంతం పేరు మీద దానికి బాసిల్లస్ తురింజియెన్సిస్ అని పేరు పెట్టారు. తెలుగు రైతుకు బీటీగా తెలిసింది అదే. ప్రతికూల పరిస్థితుల్లో సిద్ధబీజంగా మారే సమయంలో ఈ బాక్టీరియా తనలో స్ఫటికాలుగా పేర్చుకునే ప్రోటీన్లనే క్రై ప్రోటీన్లంటారు.

లార్వా ఆకుతోపాటు ఈ స్ఫటికాన్ని మింగినప్పుడు, క్షారగుణం ఉన్న దాని పేగులో స్ఫటికం కరుగుతుంది. పేగులోని ఎంజైములు, అంటే రసాయన చర్యలను వేగవంతం చేసే ప్రోటీన్లు, ఆ పెద్ద అణువును కత్తిరించి చురుకైన భాగాన్ని విడదీస్తాయి. ఆ భాగం పేగు గోడ కణాల మీద ఉండే కాడ్‌హెరిన్ వంటి గ్రాహకాలకు, తాళానికి తాళంచెవిలా సరిపోయి అతుక్కుంటుంది. అక్కడ అలాంటి అణువులు కొన్ని కలిసి కణపు పొరలోకి చొచ్చుకుపోయి రంధ్రాలు చేస్తాయి. కణాలు ఉబ్బి పగిలిపోవడంతో పురుగు కొన్ని గంటల్లోనే తిండి మానేసి, రెండు మూడు రోజుల్లో చనిపోతుంది. మనిషి కడుపులో ఆమ్లగుణం ఉండడం, పేగు గోడలపై ఆ గ్రాహకాలు లేకపోవడం వల్ల ఈ తాళంచెవికి ఇక్కడ పనిలేదు.

ఈ బాక్టీరియాను పొడిగా చేసి చల్లే మందు 1938లోనే ఫ్రాన్స్‌లో అమ్మకానికి వచ్చింది. వేపలాగే ఇది కూడా ఎండకు త్వరగా చచ్చుబడుతుంది. ఈసారి ఆ లోపాన్ని సవరించింది జన్యుశాస్త్రం. 1981లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ష్నెఫ్, వైట్‌లీ క్రై జన్యువును వేరుచేశారు. 1987లో బెల్జియంలోని గెంట్ నగర శాస్త్రవేత్తలు దాన్ని పొగాకు మొక్కలోకి చేర్చి, ఆ ఆకును తిన్న పురుగు చనిపోతుందని చూపారు. అయితే బాక్టీరియా జన్యువు రాత మొక్క కణాలకు సరిగా అర్థం కాక, ప్రోటీన్ అతి స్వల్పంగా తయారయ్యేది. ఒకే అమైనో ఆమ్లాన్ని సూచించే సంకేతాలు జన్యుభాషలో ఒకటికి మించి ఉంటాయన్న సంగతి ఆధారంగా, ప్రోటీన్‌ను మార్చకుండా జన్యువును మొక్కకు అనువైన సంకేతాలతో తిరగరాయగా, ప్రోటీన్ పరిమాణం వంద రెట్ల వరకు పెరిగిందని 1991లో వెల్లడైంది. బీటీ పత్తిని ఆచరణలోకి తెచ్చిన అసలు మలుపు అదే. 1996లో అమెరికాలో సాగుకు వచ్చిన ఈ పత్తికి భారతదేశంలో 2002 మార్చి 26న జన్యు సాంకేతికత ఆమోద సంఘం అనుమతి ఇచ్చింది.

గులాబీరంగు పురుగు తీర్పు

బీటీ పత్తి మొదటి సంవత్సరాల్లో శనగపచ్చ పురుగు మీద మందు పిచికారీలను బాగా తగ్గించింది. పైరెత్రాయిడ్లు విఫలమై, ఇతర మందులూ పనిచేయక, 1997-98లో వరంగల్ ప్రాంతపు పత్తి రైతులు అప్పుల్లో చిక్కి ప్రాణాలు తీసుకున్న విషాదాన్ని చూసిన నేల మీద ఆ మార్పుకు ఎంత విలువ ఉన్నదో చెప్పనక్కర్లేదు. కానీ మొక్కలోని ప్రతి కణమూ పంటకాలమంతా ఒకే ప్రోటీన్‌ను తయారుచేస్తూ ఉంటే, ఆ మొక్క మీద పుట్టిన పురుగుకు విషం ఎదురుపడని రోజే ఉండదు. చల్లే మందుకు కనీసం రెండు పిచికారీల మధ్య వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి కూడా తగ్గిపోయిన హవాయిలో, క్యాబేజీ కుటుంబపు పంటలపై పదేపదే చల్లిన బీటీ మందుకు డైమండ్ రెక్కల పురుగు నిరోధకత తెచ్చుకున్నట్లు 1990లోనే నమోదైంది.

గుజరాత్‌లో పత్తి కాయలను తొలిచే గులాబీరంగు పురుగు తొలి తరం బీటీ పత్తిలోని క్రై1ఎసి ప్రోటీన్‌కు లొంగడంలేదని 2010లో నిర్ధారణ అయింది. 2006 నుంచి సాగులో ఉన్న రెండో తరం బీటీలో క్రై2ఎబి అనే మరో ప్రోటీన్ కూడా ఉన్నా, 2015 నాటికి దాన్నీ ఈ పురుగు దాటేసింది. ఆ తర్వాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర పత్తి రైతులు పూలు గుడ్డిపూలుగా మారి, కాయలు లోపలే కుళ్లిపోవడాన్ని ఏటా చూస్తున్నారు. దీనికి పరిష్కారం మొదటి నుంచీ తెలిసినదే. బీటీ పొలం చుట్టూ మామూలు పత్తిని వేస్తే, దానిమీద విషం ఎరగని పురుగులు పుట్టి, అక్కడక్కడా బతికిన నిరోధక పురుగులతో జతకట్టి, నిరోధక జన్యువును పలచబరుస్తాయి. ఇందుకోసం 450 గ్రాముల బీటీ విత్తనాల సంచీతోపాటు 120 గ్రాముల మామూలు విత్తనాలను అందించారు. చిన్న కమతంలో కొంత భాగాన్ని పురుగుకు వదిలేయమనడం రైతుకు నష్టంగా తోచడంతో ఆ చిన్న పొట్లం చాలాచోట్ల చేలోకి చేరలేదు. ఆరేడు నెలలకు మించి చేలో నిలిచే సంకర పత్తి రకాలు పురుగుకు మరిన్ని తరాలు పెంచుకునే వ్యవధినీ ఇచ్చాయి.

ఇదే పురుగుపై, ఇదే ప్రోటీన్‌తో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం పూర్తిగా వేరే ఫలితం సాధించింది. 1996 నుంచి అక్కడ మామూలు పత్తి చేలను తప్పనిసరిగా వేయించి, 2006 నుంచి ప్రయోగశాలలో పెంచి సంతాన శక్తిని హరించిన రెక్కల పురుగులను పొలాల మీద వదిలారు. వాటితో జతకట్టిన పురుగులకు సంతానం కలగక, 2018 నాటికి అమెరికా పత్తి ప్రాంతాల నుంచి గులాబీరంగు పురుగు నిర్మూలన అయినట్లు ఆ దేశ వ్యవసాయ శాఖ ప్రకటించింది. ఒకచోట వమ్మైన ఆవిష్కరణ మరోచోట పురుగునే తుడిచిపెట్టిందంటే, తేడా ప్రోటీన్‌లో లేదన్నమాట.

ఒంటరి అణువు, కలిసిన అణువులు

పురుగు ఒక అణువును ఎప్పుడు దాటగలదన్న ప్రశ్నకు 1995లో వెలువడిన ఒక పరిశోధన స్పష్టమైన జవాబిచ్చింది. కెనడాకు చెందిన ఫెంగ్, ఐస్‌మన్ ఆకుపచ్చ పేనుబంక పురుగులను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి శుద్ధి చేసిన అజాడిరక్టిన్‌ను, మరో వర్గానికి వేపగింజల సారాన్ని తరం తర్వాత తరం ఇస్తూ పోయారు. 40 తరాలు గడిచేసరికి శుద్ధమైన అణువును ఎదుర్కొన్న వర్గం దానికి 9 రెట్ల నిరోధకత సంతరించుకోగా, గింజల సారాన్ని ఎదుర్కొన్న వర్గంలో ఆ మార్పు రాలేదు. రెండు వర్గాలకూ అందిన ప్రధానమైన విషం ఒకటే. గింజలో దానితోపాటు ఉండే పదార్థాలు, ఒక్కొక్కటి ఒక్కో తీరులో పనిచేస్తూ, ఒకే జన్యు మార్పుతో పురుగు తప్పించుకునే దారిని మూసేశాయి. రెండో తరం బీటీలో రెండు ప్రోటీన్లను కలపడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే అయినా, అప్పటికే ఒకదాన్ని దాటుతున్న పురుగు ముందు రెండోది ఒంటరిగానే మిగిలింది.

చెక్కిన ప్రోటీన్లు

నిరోధకత పెరిగాక శాస్త్రవేత్తలు ప్రోటీన్ ఆకారాన్నే మార్చడానికి పూనుకున్నారు. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన మారియో సొబెరాన్, అలెహాంద్ర బ్రావో, అరిజోనాకు చెందిన బ్రూస్ తాబష్నిక్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, క్రై ప్రోటీన్ మొదట్లో ఉండే ఆల్ఫా-1 అనే మెలికను తొలగించారు. ఆ మెలిక లేని ప్రోటీన్లు కాడ్‌హెరిన్ గ్రాహకం సాయం లేకుండానే ఒకదానితో ఒకటి చేరి రంధ్రం చేయగలగడంతో, కాడ్‌హెరిన్ జన్యువు మారడం వల్ల నిరోధకత తెచ్చుకున్న గులాబీరంగు పురుగులు కూడా ప్రయోగశాలలో చనిపోయాయి.

2016లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని డేవిడ్ లియూ బృందం మరో అడుగు ముందుకేసి, మార్పు ఎక్కడ చేయాలో ఆలోచించే పనిని పరిణామ ప్రక్రియకే అప్పగించింది. బాక్టీరియాలను ఆశించే వైరస్‌లలో క్రై1ఎసి జన్యువును ఉంచి, క్యాబేజీ పురుగు పేగులోని, మామూలు క్రై1ఎసి అతుక్కోని ఒక గ్రాహకాన్ని పట్టుకోగల ప్రోటీన్‌ను తయారుచేసిన వైరస్‌లే వృద్ధిచెందేలా ఏర్పాటు చేసింది. వందల తరాల తర్వాత వచ్చిన కొత్త ప్రోటీన్లు, నిరోధక పురుగులపై మాతృక కన్నా 335 రెట్ల వరకు శక్తిమంతంగా పనిచేశాయి.

మొక్క, సాలీడు రెండింటి ప్రోటీన్లనూ ఒకటిగా అతికిన ప్రయత్నం ఇంగ్లండ్‌లో జరిగింది. ఆస్ట్రేలియాలోని ఒక గరాటు సాలీడు విషంలో ఉండే హెచ్‌వి1ఎ అనే చిన్న ప్రోటీన్, పురుగు నాడీకణాల్లోని కాల్షియం ద్వారాలను మూసేస్తుంది. కాని దాన్ని మింగిన పురుగుకు పెద్దగా హాని జరగదు, అది పేగు గోడ దాటలేదు. స్నోడ్రాప్ అనే శీతలదేశపు పూలమొక్కలోని లెక్టిన్, అంటే చక్కెర అణువులను పట్టుకునే ప్రోటీన్, పేగు గోడకు అతుక్కుని అవతలి రక్తంలోకి చేరుతుంది. డర్‌హమ్, న్యూకాజిల్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు ఈ రెండింటి జన్యువులనూ కలిపి ఒకే ప్రోటీన్‌గా తయారుచేయగా, లెక్టిన్ వాహనంగా విషం లోపలికి చేరింది. తేనెటీగలకు ఇది హాని చేయలేదని 2014లో వెల్లడైంది. అదే ఏడాది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, అదే సాలీడు విషం ఆధారంగా ఈస్ట్ కణాల్లో పులియబెట్టి తయారుచేసిన స్పియర్ అనే చల్లే మందుకు అనుమతి ఇచ్చింది. గొంగళి పురుగులపై వాడేటప్పుడు దానితోపాటు కొద్దిగా బీటీని కలుపుతారు. బీటీ పేగులో చేసిన రంధ్రం రెండో విషానికి దారి ఇస్తుంది.

భారతదేశంలో ఈ కోవలోని ముఖ్యమైన పరిశోధన లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలో జరిగింది. క్రై ప్రోటీన్లకు రసం పీల్చే తెల్లదోమ లొంగదు. దానికి విరుగుడు వెదుకుతూ వందలాది మొక్కలను పరీక్షించిన ఆ సంస్థ శాస్త్రవేత్తలు, టెక్టేరియా మాక్రోడాంటా అనే ఫెర్న్ మొక్కలో టిఎంఎ12 అనే ప్రోటీన్‌ను కనుగొన్నారు. పత్తిలోకి దాని జన్యువును చేర్చగా, తెల్లదోమతోపాటు అది మోసుకొచ్చే ఆకుముడత వైరస్ కూడా అదుపులో ఉన్నట్లు 2016లో ప్రచురితమైంది.

చెట్టు పద్ధతిని చదవడం

ప్రోటీన్ శాస్త్రం ఇప్పుడు మళ్లీ వేప వైపే తిరిగింది. అజాడిరక్టిన్‌ను 71 దశల్లో కష్టపడి కట్టాల్సి వస్తే, చెట్టు అదే పనిని తన ఎంజైములతో చేస్తుంది. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్స్ సెంటర్, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి 2023లో ప్రచురించిన పరిశోధనలో, నిమ్మజాతి చెట్టు, వేపకు దగ్గరి చుట్టమైన తురకవేప లిమనాయిడ్లను తయారుచేసే క్రమంలో పాల్గొనే 22 ఎంజైములను గుర్తించారు. వాటి జన్యువులను పొగాకు జాతి మొక్క ఆకుల్లోకి చేర్చి, అజాడిరక్టిన్‌కు తొలి మెట్లలో ఒకటైన అజాడిరోన్‌ను ఆ ఆకుల్లోనే తయారుచేయించగలిగారు. మామూలు మొక్కల్లో కణపు పొరకు కావలసిన స్టెరాల్ తయారీలో తోడ్పడే ఒక ఎంజైము, ఈ చెట్లలో కొద్దిగా మారి చేదు పదార్థం తయారీకి వచ్చిందన్నది ఆ పరిశోధనలో ఆసక్తికరమైన అంశం. ఇప్పుడు ప్రయోగశాలలు ప్రోటీన్లకు చేస్తున్న మార్పును చెట్టు ఎప్పుడో చేసుకున్నది.

సహజమైనంత మాత్రాన

మొక్క నుంచి వచ్చినది కాబట్టి హాని చేయదన్న నమ్మకాన్ని ఆధారాలు సమర్థించవు. నికోటిన్ మనిషికి తీవ్రమైన విషం. డెర్రిస్ వేళ్ల నుంచి తీసే రోటెనోన్‌ను సేంద్రియ సాగులో కూడా చాలాకాలం వాడారు, అయితే దాన్ని నిరంతరం ఎక్కించిన ఎలుకల్లో పార్కిన్‌సన్ వ్యాధి లక్షణాలు కనిపించాయని 2000లో వెల్లడైంది. పాశ్చాత్య దేశాల పొలాల్లో దాని వాడకం తర్వాత దాదాపు ఆగిపోయింది.

అటు జన్యుమార్పిడి విషయంలోనూ ముందే తీర్పు చెప్పడం కుదరదు. ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ, ఫ్రెంచి చిక్కుడులో పిండిపదార్థం జీర్ణం కాకుండా అడ్డుకునే ప్రోటీన్‌ను బఠాణీలోకి చేర్చి గింజపురుగును అరికట్టింది. బఠాణీలో అదే ప్రోటీన్‌కు చక్కెర అణువులు వేరే తీరులో అతుక్కోగా, దాన్ని తిన్న ఎలుకల్లో రోగనిరోధక స్పందన కనిపించిందని 2005లో తేలడంతో పథకాన్నే విరమించింది. 2013లో మరో బృందం చేసిన పరిశీలనలో మామూలు చిక్కుడులోని సహజ ప్రోటీన్ కూడా ఎలుకల్లో అలాంటి స్పందనే కలిగించినట్లు తేలింది. ఏ అణువునైనా దాని పుట్టుకను బట్టి కాక దాని ప్రభావాన్ని బట్టే పరీక్షించాలన్న సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

చేదు ఎవరి ఆస్తి?

ఆవిష్కరణ అన్నచోట పేటెంటు ప్రస్తావన తప్పదు. వేపనూనెతో మొక్కల మీది శిలీంధ్ర తెగుళ్లను అరికట్టే పద్ధతిపై అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖకు, డబ్ల్యు.ఆర్. గ్రేస్ అనే కంపెనీకి యూరోపియన్ పేటెంట్ కార్యాలయం 1994లో హక్కు ఇచ్చింది. పర్యావరణ కార్యకర్త వందనా శివ, యూరోపియన్ పార్లమెంటు హరితపక్ష సభ్యురాలు మగ్దా ఆల్వోట్, అంతర్జాతీయ సేంద్రియ వ్యవసాయ సంఘాల సమాఖ్య కలిసి దాన్ని సవాలు చేయగా, భారతదేశంలో ముందునుంచే వాడుకలో ఉన్న పద్ధతిలో కొత్తదనం లేదని 2000లో పేటెంటు రద్దయింది. కంపెనీ వేసిన అప్పీలు కూడా 2005 మార్చి 8న వీగిపోయింది. వాడుకలోని జ్ఞానాన్ని తిరిగి కనుగొన్నట్లు చూపడానికీ, క్రై ప్రోటీన్ మెలికను తొలగించి కొత్త గుణం రాబట్టడానికీ మధ్య తేడాను చట్టం గుర్తించాలన్న వాదనకు ఆ తీర్పు బలమిచ్చింది.

లెక్కలోకి రావలసినవి

నేటి తెలంగాణలోని పాత ఖమ్మం జిల్లా పునుకుల గ్రామ రైతులు 2003 నాటికి రసాయన పురుగుమందులు లేకుండా పత్తి, ఇతర పంటలు పండించడం ప్రారంభించి దేశం దృష్టిని ఆకర్షించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఆ అనుభవాన్ని మరింత విస్తరించింది. వీరు వాడిన వేపగింజల కషాయానికి తోడు ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు, పసుపురంగు జిగురు అట్టలు, గుడ్ల సముదాయాలను ఏరివేయడం వంటివన్నీ ఉన్నాయి. ఏ ఒక్క మందు మీదా ఆధారపడకుండా, పురుగును అనేక దిక్కుల నుంచి కొద్దికొద్దిగా తగ్గించే ఈ పద్ధతి, వేపగింజ తన వందకు పైగా పదార్థాలతో చేసే పనికి పొలం స్థాయిలో ప్రతిరూపం. దీనికీ పరిమితులు ఉన్నాయి. కషాయం ఫలితం మెల్లగా కనిపిస్తుంది, గింజలను సేకరించి తడి తగలకుండా నిల్వచేయడానికి శ్రమ పడాలి, ఉద్ధృతి పెరిగిన తర్వాత చల్లితే పెద్దగా ప్రయోజనం ఉండదు.

అందువల్ల ప్రోటీన్లను చెక్కే ప్రయోగశాలనూ, కషాయం చేసుకునే రైతునూ ప్రత్యర్థులుగా నిలబెట్టడం వృథా. చల్లిన కొద్దిరోజులకే విరిగిపోయే ప్రోటీన్ మందులు వేపకున్న మంచిగుణాన్ని ఇప్పటికే పుణికిపుచ్చుకున్నాయి. వాటిని వేపసారంతో మార్చి మార్చి వాడితే ఏ అణువుకూ పురుగు పూర్తిగా అలవాటుపడే అవకాశం ఉండదు. మొక్కలోనే ప్రోటీన్‌ను తయారుచేయించే పద్ధతిని ఎంచుకుంటే, మామూలు పంట వేసి కొంత దిగుబడి వదులుకునే రైతుకు ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారన్న ప్రశ్నకు విత్తనం మార్కెట్లోకి రాకముందే సమాధానం ఉండాలి. భారతదేశంలో 120 గ్రాముల పొట్లం విఫలమైంది ఆ సమాధానం లేకపోవడం వల్లనే. ఏ గ్రాహకానికి ఏ అణువు అతుక్కుంటుందో చెప్పేంత దూరం జీవరసాయన శాస్త్రం వచ్చింది. ఆ అణువు పురుగుకు ఎదురుపడకుండా ఏడాదిలో ఎన్నాళ్లుండాలో, ఎంత నేలను విడిచిపెట్టాలో కూడా ఆవిష్కరణ పత్రంలోనే రాసి, అనుమతి ఇచ్చే సంఘం దాన్ని కూడా పరీక్షించే రోజు వస్తే, తరువాతి ప్రోటీన్ ముందటిదానికన్నా ఎక్కువకాలం పనికొస్తుంది.